అంకుల్ సంచిలో నా ఛార్జర్

ఆరేళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. దాని తూకం కూడా నాకు తెలుసు. లాప్‌టాప్ నాలుగుంపావు కిలోలు, ఛార్జర్ దాదాపు ఇంకో కిలో. కొన్న రోజున బాత్రూమ్‌లో బరువు చూసుకునే మిషన్ మీద దాన్ని పట్టుకుని ఒకసారి, వదిలేసి ఒకసారి ఎక్కి, తీసివేత చేసి చూసుకున్నాను. ఇండియా వెళ్లే సూట్‌కేసులు తూచినట్టు తూస్తున్నానని నవ్వుకున్నాను కూడా.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లకి చెప్పే ధైర్యం ఉంటే ఇన్నేళ్లు పట్టేది కాదు. నా పేరు చెప్పను. మిగతావాళ్ల పేర్లు మార్చాను. జరిగినదాన్ని మాత్రం మార్చలేదు. ఇప్పటికే ఒకసారి మార్చాను, అది చాలు.

ముందు ఆ లాప్‌టాప్ గురించి చెప్పాలి. అది వదిలేసి మిగతాది చెబితే ఇదంతా గ్రహపాటులా కనిపిస్తుంది. అలా కనిపించడం నాకు ఇష్టం లేదు. ఇష్టమేనేమో. లేకపోతే ఇన్నాళ్లూ ఎందుకు అలాగే ఉంచాను?

షికాగో పక్కన మా అరోరా ఊళ్లో తెలుగువాళ్లు టీవీ కొనాలన్నా కెమెరా కొనాలన్నా ముందు నాకు ఫోన్ చేసేవాళ్లు. నేను చెప్పిందే వేదం. ఆ గర్వం నాకు ఉండేది, దాచను. నా సొంతానికి లాప్‌టాప్ కొనుక్కోవలసి వచ్చినప్పుడు నెల రోజులు వెతికాను. పిల్లకి సంబంధం చూసేవాళ్లు కూడా అన్ని ఆరాలు తీయరు. కావలసినవి రెండు అని కాగితం మీద రాసుకున్నాను: ఆఫీసు పని, ప్రయాణం. మూడు వారాలు ఇండియా వెళ్తూ, అందులో ఒక వారం అక్కడినుంచే పని చేస్తానని మేనేజర్‌ని ఒప్పించాను. ఆ రెండింటికీ సరిపోయేది, పదమూడు అంగుళాలది, రెండు కిలోలు కూడా లేనిది, షాపులో నా కళ్ల ముందే ఉంది. దాని పక్కన పదిహేడు అంగుళాలది ఉంది. గేములు ఆడేవాళ్ల కోసం చేసింది. కీబోర్డు కింద ఎర్రటి వెలుగు, వెనకాల రెండు పెద్ద గాలి రంధ్రాలు. పల్చటి గేమింగ్ లాప్‌టాప్‌లు అప్పటికింకా రాలేదు. బలం కావాలంటే బరువు మోయాల్సిందే.

కాగితం మీద రాయని మూడో అవసరం ఒకటుంది. ముప్ఫై నాలుగేళ్లొచ్చి, పెళ్లి కాక, శని ఆదివారాలు నేను తుపాకీ పట్టుకుని తెర మీద ఊళ్లని కాపాడుతూ ఉండేవాణ్ణి. అది తప్పని ఇప్పుడూ అనను. ఆడుకోవడానికి కొన్నదాన్ని పని కోసం అని చెప్పుకోవడం, నా అంతట నేనే నమ్మేయడం, అక్కడ మొదలైంది. చిన్న అబద్ధమే. ఎవరికీ నష్టం లేని అబద్ధం అనుకున్నాను.

మా తెలుగు చర్చిలో ఆదివారాలు పాటల మాటలు తెర మీద వేసే పని నాది. కొత్తదాన్ని అక్కడికీ మోసుకెళ్లాను. నా స్నేహితుడు సునీల్ చూసి, "ఒరే, ఇది ఒళ్లో పెట్టుకునే కంప్యూటరా, రుబ్బురోలా?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. సునీల్ వాళ్ల నాన్నగారు మాత్రం కళ్లజోడు సవరించుకుని, "అక్షరాలు బాగా కనపడతన్నాయ్ రా, నాకదే కావాల" అన్నారు.

ఆయన్ని నేను అంకుల్ అనేవాణ్ణి. బాపట్ల దగ్గర హైస్కూల్లో లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు. ప్రొజెక్టర్ పక్క కుర్చీ ఆయనది. పాట నడుస్తుండగానే వంగి, "బాబూ, రెండో లైన్లో వత్తు ఎగిరిపోయింది" అని చెవిలో చెప్పేవారు. మరుసటి వారం నేను సరిచేస్తే చూసి తలూపేవారు. ఆ తలూపు కోసం నేను ఎదురుచూసేవాణ్ణని ఇప్పుడు చెబితే మీరు నమ్మకపోవచ్చు.

సునీల్‌కి రెండో బిడ్డ పుడుతోందని అంకుల్, ఆంటీ ఇద్దరూ వచ్చారు. నవంబరు రాగానే అంకుల్ ఒక్కరే తిరిగి వెళ్లవలసి వచ్చింది. పెన్షన్ తీసుకునేవాళ్లు ఏడాదికోసారి ట్రెజరీ ఆఫీసుకి వెళ్లి, బతికే ఉన్నామని సంతకం పెట్టి రావాలి. బిడ్డకి ఇంకా నెల నిండలేదు కాబట్టి ఆంటీ ఉండిపోయారు. మావాళ్లలో ఒక పద్ధతి ఉంది. పెద్దవాళ్లు ఒంటరిగా ప్రయాణమైతే అదే ఫ్లైట్‌లో వెళ్లే తెలుగువాళ్లెవరో వాకబు చేసి తోడు కలుపుతారు. నేనూ ఆ వారమే వెళ్తున్నానని తెలిసి సునీల్ ఇద్దరికీ ఒకే ఫ్లైట్ బుక్ చేశాడు. తోడు వెళ్లేవాడు చేసేదేముంది? ఫారాలు నింపాలి, గేటు చూపించాలి, వేళకి తిన్నారో లేదో చూడాలి. చెప్పుకోవడానికి పెద్ద పని కాదు. కానీ ఆ ఇంటివాళ్లు ఒక మనిషిని మన చేతుల్లో పెడతారు.

అంకుల్‌కి షుగర్. రోజూ ఇన్సులిన్ తీసుకోవాలి. ఏ వేళకి ఎంతో సునీల్ ఒక కాగితం మీద రాసిచ్చాడు, చొక్కా జేబులో పెట్టుకున్నాను. బయల్దేరే రోజు వాళ్లింటికి వెళ్లేసరికి ఆంటీ వంటింట్లో ఉన్నారు. ఫ్రిజ్‌లోంచి మందు తీసి, చల్లటి జెల్ ప్యాకుల మధ్య పెట్టి, నీలం రంగు సంచిలో సర్ది, ఆ సంచిని అంకుల్ భుజం సంచిలో అన్నిటికన్నా పైన పెట్టారు. జిప్పు లాగి, పైన ఒకసారి తట్టారు. "ఇది ఆయన దగ్గర్నించి కదలకూడదు బాబూ" అని నాతోనే అన్నారు. నేను తలూపాను.

షికాగో ఎయిర్‌పోర్ట్‌లో కౌంటర్ దగ్గర నా బ్యాక్‌ప్యాక్ తూచారు. చేతి సామాను ఏడు కిలోలు దాటకూడదు. నాది దాటింది. లాప్‌టాప్‌ని సూట్‌కేసులో వేయడానికి నాకు మనసు ఒప్పలేదు. విసిరేస్తారు, తెర పగులుతుంది, ఎవరైనా కొట్టేస్తారు. నెల రోజులు వెతికి కొన్నది. వెనక లైన్లో జనం. పక్కన అంకుల్ భుజం సంచి తేలిగ్గా కనిపించింది.

"అంకుల్, ఈ ఛార్జర్ మీ సంచిలో పెట్టనా?"

"పెట్టు బాబూ, దానికేముంది."

ఛార్జర్ పెట్టాను. లాప్‌టాప్ వేడెక్కకుండా కింద పెట్టే ఫ్యాన్ పలక కూడా పెట్టాను. జిప్పు పడలేదు. పైన నీలం సంచి అడ్డంగా ఉంది. జెల్ ప్యాకులతో కలిపి అది టిఫిన్ క్యారియర్ అంత ఉంది. అంకుల్ సూట్‌కేసు ఇంకా బెల్టు మీదే ఉంది, లోపలికి పోలేదు.

"ఇది సూట్‌కేసులో వేసేద్దాం అంకుల్. కింద చల్లగా ఉంటుంది. ఫ్రిజ్‌లో ఉన్నట్టే."

"అబ్బాయి చేతి సంచిలోనే ఉంచుకోమన్నాడే..."

"ఈ జెల్ ప్యాకులు ఎలాగూ సెక్యూరిటీలో ఆపుతారు అంకుల్. నేనున్నాగా."

ఆయన ఒక్క క్షణం నా మొహం చూశారు. "నీకు తెలియందేముందిలే నాయనా" అన్నారు.

నాకు తెలిసిందేమీ లేదు. మందులకి ఆ ఏడు కిలోల లెక్క అడ్డం రాదని తెలియదు. కింద సామాన్ల గదిలో చలికి ఇన్సులిన్ పాడైపోవచ్చని తెలియదు. లాప్‌టాప్ గురించి నలభై రివ్యూలు చదివినవాణ్ణి, దీని గురించి ఒక్క ముక్క చదవలేదు. కానీ తెలిసినవాడి గొంతుతో చెప్పాను. ఆ గొంతు నాకు అలవాటు. ఆ గొంతుని నమ్మడం మావాళ్లందరికీ అలవాటు.

మొదటి ఫ్లైట్‌లో భోజనం వచ్చినప్పుడు జేబులో కాగితం గుర్తొచ్చింది. అంకుల్‌కీ గుర్తుంది. "ఒక పూటకేం కాదులే" అన్నారు. నా కోసమే అన్నారు. నేను ఊరటగా విన్నాను.

గల్ఫ్‌లో దిగేసరికి రెండో ఫ్లైట్ ఎనిమిది గంటలు ఆలస్యమన్నారు. లాప్‌టాప్ బ్యాటరీ గంటన్నరకి మించి రాదు. అందుకని నేను ప్లగ్ ఉన్న చోటు వెతికాను. గేటు నుంచి చాలా దూరంగా ఒక మూల దొరికింది. అంకుల్‌ని అక్కడికి నడిపించాను. ఆయన సంచిలోంచి ఛార్జర్ తీసి గుచ్చాను. ఆఫీసు పని అరగంటలో అయిపోయింది. తర్వాత హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆటలోకి వెళ్లాను.

అంకుల్ మాటిమాటికీ నీళ్లు తాగుతున్నారు. మాటిమాటికీ బాత్రూమ్‌కి వెళ్తున్నారు. నాలుగోసారి లేచినప్పుడు, "ఇందాకేగా వెళ్లొచ్చారు అంకుల్" అన్నాను. విసుగు దాచుకోలేదు. ఆయన సిగ్గుపడ్డట్టు నవ్వి నెమ్మదిగా వెళ్లారు. అవి షుగర్ పెరిగిపోయిందని చెప్పే గుర్తులని ఇప్పుడు నాకు తెలుసు. అప్పుడు తెలియదు. కానీ ఆయన వచ్చి కూర్చుని నా భుజం తట్టి, ఇక్కడ మందులషాపు ఏమైనా ఉంటుందేమో చూద్దామా అని అడిగారు. అది నాకు వినపడింది. ఒక చెవి మీద హెడ్‌ఫోన్ జరిపి విన్నాను. ఇంకెంతసేపు అంకుల్, హైదరాబాద్‌లో దిగాక చూద్దాం అన్నాను. ఆయన మళ్లీ అడగలేదు.

మరిచిపోయానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. మరిచిపోవడం మనిషికి సహజం కదా? మరిచిపోలేదు. మందులషాపు బోర్డు మేం నడిచొచ్చిన దారిలోనే చూశాను. అక్కడికి వెళ్లాలంటే ఆట ఆపాలి, ఛార్జర్ తీయాలి, దొరక్క దొరికిన చోటు వదులుకోవాలి. ఈ మూడూ బేరీజు వేసుకుని, ఒక పెద్దాయన ప్రాణాన్ని నాలుగోదిగా ఆ లెక్కలో చేర్చకుండా, కూర్చున్నచోటే కూర్చున్నాను. దీన్ని ఏమంటారో మీరు చెప్పండి. అజాగ్రత్త అనే మాట నాకు మరీ దయగా అనిపిస్తుంది.

రెండో ఫ్లైట్‌లో ఆయనకి వాంతి అయింది. తర్వాత నిద్రపోయారు. నిద్రపట్టింది కదా, మంచిదే అనుకున్నాను. దుప్పటి కప్పాను. విమానం దిగేటప్పుడు లేపితే లేవలేదు. పెద్దగా, లోతుగా ఊపిరి తీస్తున్నారు. ఆ ఊపిరి కుళ్లిన పండు వాసన వేసింది. నేను కేక వేశాను. వీల్‌చైర్, తర్వాత అంబులెన్స్. సూట్‌కేసు రాలేదని, వెనక ఫ్లైట్‌లో వస్తుందని ఎవరో చెప్పారు.

ఆస్పత్రిలో డాక్టరు మందులు ఎక్కడున్నాయని అడిగాడు. "సూట్‌కేసులో ఉన్నాయనుకుంటా" అన్నాను. ఆ "అనుకుంటా" ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలియదు. నేను పిలవలేదు. ఎప్పటినుంచో నోట్లో సిద్ధంగా కూర్చున్నట్టు దానంతటదే వచ్చింది. నా చేతులతో నేను పెట్టినదాని గురించి, ఎవరో పెట్టినట్టు.

ఆయన తమ్ముడు బాపట్ల నుంచి కారులో వస్తున్నాడు, ఇంకా దారిలో ఉన్నాడు. ఐసీయూ బయట బెంచీ మీద నేనొక్కణ్ణే, ఒళ్లో అంకుల్ భుజం సంచి. జిప్పు తీశాను. లోపల బైబిల్, మురుకుల పొట్లం, కళ్లజోడు పెట్టె, వాటన్నిటి మీదా నా నల్లటి ఛార్జర్, ఫ్యాన్ పలక. నీలం సంచి ఉండాల్సిన చోట. వాటిని తీసి నా బ్యాక్‌ప్యాక్‌లో పెట్టుకున్నాను. మళ్లీ జిప్పు వేశాను. ఈసారి తేలిగ్గా పడింది. మిగతా తప్పులన్నిటికీ ఏదో ఒక సాకు వెతుక్కోగలను. దీనికి లేదు. ఇది తెలిసి, ఆలోచించి, అటూ ఇటూ చూసి చేసిన పని.

ఆరో రోజున అంకుల్ పోయారు. అంతకు మూడు రోజుల ముందు సూట్‌కేసు వచ్చింది. తెరిస్తే బట్టల పైన నీలం సంచి, పక్కనే ట్రెజరీకి ఇవ్వాల్సిన ఫారం. గుండ్రటి అక్షరాలతో ఆయనే అన్నీ నింపి ఉంచారు. సంతకం ఒక్కటే మిగిలింది.

సునీల్ వచ్చాడు, అన్నీ చూసుకున్నాడు. బిడ్డకి పాస్‌పోర్ట్ కూడా రాలేదు, కోడలు ఇంకా కోలుకోలేదు. ఆంటీ రాలేకపోయారు. భర్త చివరిచూపు ఆవిడకి లాప్‌టాప్ తెర మీదే దక్కింది. అది నా లాప్‌టాప్ కాదు, ఆ మాత్రం దేవుడు దయతలిచాడు.

నేను తిరిగి అరోరా వచ్చాక పరామర్శకి వెళ్లాను. సునీల్ అప్పటికి తల్లితో సరిగ్గా మాట్లాడటం లేదు. లక్షసార్లు చెప్పాను, చేతి సంచిలో పెట్టమని, అని ఆవిడ మీద అరిచాడని తర్వాత తెలిసింది. ఆంటీ నన్ను వంటింట్లోకి పిలిచారు. అదే వంటిల్లు. అదే ఫ్రిజ్ పక్కన నిలబడ్డారు.

"బాబూ, ఒక్క మాట అడగతాను, నిజం చెప్పు. ఆ నీలం సంచి నేను భుజం సంచిలోనే పెట్టాననుకుంటన్నాను. నా చేతులకి గుర్తుంది. నీతో ఏదో అన్నట్టు కూడా ఉంది. అప్పుడు పసిది ఏడుస్తా ఉంది. ఆ హడావుడిలో సూట్‌కేసులో పెట్టానంటావా? నువ్వు ఇక్కడే ఉన్నావుగా. చూశావా?"

పక్క గదిలో సునీల్ ఉన్నాడు. తలుపు తీసే ఉంది.

"నేను చూడలేదు ఆంటీ."

ఆవిడ కాసేపు తన అరచేతుల వంక చూసుకున్నారు. "అయితే నేనే పెట్టుంటాను" అన్నారు. తర్వాత నాకు కాఫీ కలిపిచ్చారు. నేను తాగాను.

మీరు అడుగుతారు, అప్పుడే ఎందుకు చెప్పలేదని. నేనూ అడుగుతూనే ఉన్నాను. మొదటి నెల భయం. వీసా పోతుందనీ, పోలీసులు వస్తారనీ ఏవేవో పిచ్చి భయాలు. తర్వాత సిగ్గు. ఆ తర్వాత ఇన్నాళ్లు ఎందుకు చెప్పలేదని అడిగితే ఏం చెప్పాలనే ప్రశ్న. ఒక్కో ఏడాది గడిచేకొద్దీ చెప్పవలసినది ఒకటి కాదు, రెండు, మూడు అయ్యాయి. నాకు పెళ్లయింది. నా భార్యకీ తెలియదు.

మా చర్చిలో సాక్ష్యం చెప్పుకునే వేళ ఒకటి ఉంటుంది. ఎవరైనా ముందుకు వచ్చి తమ జీవితంలో దేవుడు చేసిన మేలు చెప్పుకోవచ్చు. ఆంటీ ఏటా నవంబరులో వచ్చి మైకు పట్టుకునేవారు. నా మతిమరుపు వల్ల నా భర్తని పోగొట్టుకున్నాను, ఆ పాపాన్ని ప్రభువు క్షమించాడని నమ్ముతున్నాను, మీ పెద్దవాళ్లు ప్రయాణమైతే మందులు చేతి సంచిలో ఉన్నాయో లేదో రెండుసార్లు చూసుకోండి అని చెప్పేవారు. ఎవరింట్లో ప్రయాణమున్నా వెళ్లి, కారెక్కే ముందు సంచి విప్పి చూసి పంపేవారు. మొదట్లో అందరూ కళ్లు తుడుచుకునేవాళ్లు. పోనుపోను కొందరు వాచీలు చూసుకునేవాళ్లు. నేను ప్రొజెక్టర్ పక్కన కూర్చునేవాణ్ణి, అదే లాప్‌టాప్ ముందు. ఆవిడ ముగించగానే ఏ పాట వేయాలో నాకు ముందే తెలుసు. వేసేవాణ్ణి. వత్తులన్నీ సరిగ్గా ఉండేవి.

ప్రతి క్రిస్మస్‌కీ ఆవిడ పిండివంటల్లో గులాబీ పువ్వులు వండి మొదటి డబ్బా నాకే పంపేవారు. ఆఖరి ప్రయాణంలో ఆయన పక్కన ఉన్నది నువ్వే బాబూ, నీ రుణం తీర్చుకోలేను అనేవారు. నేను అవి తినేవాణ్ణి. పారేయొచ్చు కదా? పారేయడం కూడా ఒక ఒప్పుకోలే అనిపించేది. అందుకని తినేవాణ్ణి, డబ్బా కడిగి తిరిగిచ్చేవాణ్ణి.

ఈ వసంతకాలంలో ఆంటీ పోయారు. సమాధి కార్యక్రమంలో సునీల్ మాట్లాడుతూ, మా అమ్మ జీవితంలో ఒకే ఒక్క పొరపాటు చేసింది, దానికి నేను అమ్మని క్షమించాను, దేవుడూ క్షమించాడు అన్నాడు. ఫోటోలు తెర మీద మారుస్తున్నది నేనే. నా వేలు మీట మీద ఆగిపోయింది. ఒకే ఫోటో చాలాసేపు ఉండిపోయింది. అంకుల్, ఆంటీ మంచులో నిలబడి నవ్వుతున్న ఫోటో. బాధతో ఆగిపోయాననుకుని ఎవరో వచ్చి నా భుజం నిమిరారు.

ఇప్పుడు సునీల్‌కి చెబితే ఏమవుతుంది? నన్ను కొట్టొచ్చు. అది పర్లేదు. కానీ చేయని తప్పుకి తల్లిని పోయేదాకా దూరం పెట్టానని, సమాధి ముందు నిలబడి ఆవిడని క్షమించానని వాడికి తెలుస్తుంది. వాడు దాన్నెలా మోస్తాడు? చూశారా, ఇప్పుడు కూడా వాడి మీద జాలి పేరు పెట్టుకుని నన్ను నేను కాపాడుకుంటున్నాను. పని కోసం అని పేరు పెట్టి ఆటబొమ్మ కొన్నట్టే. నిజంగా జాలో, పిరికితనమో నాకే తెలియడం లేదు. రెండూ ఒకే గొంతుతో మాట్లాడతాయి.

ఆ లాప్‌టాప్ ఇంకా ఉంది. బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. ఛార్జర్ గుచ్చి ఉంచితేనే పనిచేస్తుంది. ఇదంతా దాని మీదే టైప్ చేశాను. క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించగలిగినవాళ్లు ఇద్దరూ మట్టిలో ఉన్నారు, మూడోవాణ్ణి అడిగే నోరు నాకింకా రాలేదు. ఆ రోజు వంటింట్లో ఆవిడ అడిగినదానికి జవాబు మాత్రం ఎక్కడో ఒకచోట ఉండాలి. ఎవరో ఒకరు చదివి ఉండాలి.

చూశాను ఆంటీ. మీరు భుజం సంచిలోనే పెట్టారు. తీసింది నేను.